పత్తికి తేమ మిషిన్, ప్రతిభకు దలాల్

కంపెనీకి మనుషులను వెతికిపెట్టి, చేరిన ఒక్కొక్కరి మీద ఇంత అని రుసుము తీసుకునే మధ్యవర్తి రిక్రూటర్. జమ్మికుంట మార్కెట్ యార్డులో దాదాపు ఇదే పని అడ్తిదారు చేస్తాడు, సరుకే వేరు. అడ్తిదారు పత్తిని పత్తి అనే అంటాడు. రిక్రూటర్ చేతిలో పడిన ప్రతి బస్తా మాత్రం 'టాప్ టాలెంట్' అయిపోతుంది.

పత్తి నాణ్యత తేల్చే పద్ధతి మొరటుదే, కానీ కళ్లముందే జరుగుతుంది. కొనేవాడు రాశిలో చెయ్యి పెట్టి పిడికెడు తీస్తాడు, పింజ లాగి చూస్తాడు, తేమ మిషిన్ గుచ్చుతాడు. సీసీఐ అని పిలిచే భారత పత్తి సంస్థ లెక్కలో 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర. ఆ పైన ఒక్కో శాతం తేమకు ఒక్కో శాతం కోత. 12 దాటిందా, బండి వెనక్కే. 2024-25లో పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 7,521 రూపాయలు. మిషిన్ 12 చూపిస్తే అదే పత్తి 7,220 రూపాయల 16 పైసలు. రైతుకు ఈ లెక్క నచ్చదు, మిషిన్ మీద కొట్లాటకు దిగుతాడు. కొట్లాడటానికి అక్కడ ఒక మిషిన్ అయినా ఉంది.

ప్రతిభను కొలిచే మిషిన్ లేదు కాబట్టి రిక్రూటర్ పదాలను ఏరుతాడు. కంపెనీ పంపిన మాటలు రెజ్యుమెలో కనబడితే ప్రతిభ ఉన్నట్టు, కనబడకపోతే లేనట్టు. ఫాస్ట్‌ఏపీఐ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారు చేసిన సెబాస్టియన్ రమిరెజ్‌కు 2020లో ఒక ఉద్యోగ ప్రకటన కంటపడింది. ఫాస్ట్‌ఏపీఐలో కనీసం నాలుగేళ్ల అనుభవం కావాలట. దాన్ని పుట్టించి అప్పటికి ఏడాదిన్నర పైచిలుకే అయింది గనుక పుట్టించినవాడే ఆ ఉద్యోగానికి పనికిరాకుండా పోయాడు.

రుసుము సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. మన దగ్గర బాగా వాడుకలో ఉన్న రేటు ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. పన్నెండు లక్షల మనిషిని చేరిస్తే సుమారు లక్ష. అడ్తిదారు అమ్మే రైతు పక్షాన నిలబడతాడు. ధర పెరిగితే ఇద్దరికీ లాభం, కనీసం లెక్క ప్రకారం. రిక్రూటర్‌ను పెట్టుకునేది కొనేవాడు. కొనేవాడి జేబుకు ఎంత పెద్ద చిల్లు పడితే రిక్రూటర్‌కు అంత ముడుతుంది. ఇలాంటి దలాల్‌ను పత్తి ఖరీదుదారు గేటు కూడా దాటనివ్వడు. కంపెనీ 'భాగస్వామి' అని పేరు పెట్టి కుర్చీ వేస్తుంది.

సరుకుకు పూచీ కూడా ఉంది. చేరిన మనిషి 90 రోజుల్లో మానేస్తే బదులుగా ఇంకొకరిని ఉచితంగా చూపిస్తారు. 91వ రోజు మానేస్తే అది కంపెనీ ప్రారబ్ధం. ఆ వారమే అతను ఇంకో రిక్రూటర్ జాబితాలో మళ్లీ టాప్ టాలెంట్‌గా అవతరిస్తాడు.

కరీంనగర్ ప్రాంతానికి ఇంకో రకం రిక్రూటర్ బాగా తెలుసు: గల్ఫ్ ఏజెంటు. 1983 వలస చట్టం ప్రకారం అతనికి రిజిస్ట్రేషన్ ఉండాలి, కూలీ దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి సేవా రుసుము తీసుకోకూడదు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటు ఈ చట్టాన్ని ఎంత పాటిస్తాడో అప్పు చేసి విమానం ఎక్కినవాళ్లకు తెలుసు. అయినా చట్టమంటూ ఒకటి ఉంది. ఇంజినీరును హైదరాబాద్‌లోనే ఒక అద్దాల మేడ నుంచి పక్క మేడకు మార్చే రిక్రూటర్ దాని కిందికే రాడు. తాపీ మేస్త్రీ అక్కడ 'లేబర్', ఇంజినీరు ఇక్కడ 'టాలెంట్'.

ఇక ఉద్యోగ ప్రకటనల్లో జీతం 'పద్దెనిమిది లక్షల వరకు' అని ఉంటుంది. ఖమ్మం, వరంగల్ ఎనుమాముల మార్కెట్లలో దీన్నే జెండా పాట అంటారు. ఒకరి రాశికి పై ధర పలుకుతుంది, మిగతా రైతులు దాని కింద ఎంతకొస్తే అంతకు అమ్ముకుని పోతారు.

పత్తి మీద నీళ్లు చల్లి తూకం పెంచుతారని వ్యాపారులు రైతును ఆడిపోసుకోవడం పాత ముచ్చటే. ఆ రైతు కొడుకు డిగ్రీ పట్టుకుని జమ్మికుంటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి అమీర్‌పేట చేరితే, మూడేళ్ల అనుభవాన్ని కాగితం మీద చల్లిపెట్టే కన్సల్టెన్సీలు ఎదురవుతాయి. యార్డులో తడిసిన బస్తా ఇంటిదారి పడుతుంది. ఇక్కడ తడి ఎంత ఎక్కువైతే జీతం అంత పలుకుతుంది, 8.33 శాతం కట్టేదీ ఆ తడి తూకం మీదే.