పత్తి అమ్మినాక చూద్దాం

కారు టైర్లు ఎప్పుడు మార్చాలన్నదానికి కంపెనీవాళ్లు ఒక కొలత పెట్టారు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే ఇక దాన్ని తీసేయమన్నారు. ఆదోనిలో ఈ లెక్క మిల్లీమీటర్లలో నడవదు, క్వింటాళ్లలో నడుస్తుంది. చిన్న కారుకు నాలుగు టైర్లంటే ఇరవై వేలకు అటూ ఇటూ. పొడవు పింజ పత్తికి 2025-26లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే నాలుగు టైర్లు రెండున్నర క్వింటాళ్ల పత్తి. అదీ యార్డులో ఆ ధర దొరికినప్పటి మాట. అందుకే మావైపు టైరు అరుగుదల సంగతి తేల్చుకోవాలనుకున్నవాడు కారు కింద వంగి చూడడు. మార్కెట్ యార్డుకు పోయి ఆ రోజు వేలం ఎంత పలికిందో కనుక్కుని వస్తాడు.

2022 మొదట్లో పత్తి క్వింటాలు పదివేలు దాటినప్పుడు, బటన్లు, అంటే గాళ్ల మధ్య రబ్బరు దిమ్మెలు, నిక్షేపంగా ఉన్న టైర్లు కూడా పీకించి కొత్తవి వేయించిన మహానుభావులను నేనెరుగుదును. ధర దిగినాక వాళ్లే గుండు టైర్ల మీద పెళ్లిళ్లకు తిరిగారు. నాకు సెంటు చేను లేదు, నెల జీతం. అయినా ఎవరన్నా టైర్ల మాట ఎత్తితే నేనూ "పత్తి అమ్మినాక చూద్దాంలే" అనే అంటాను. ఊరంతా అనే మాట మనమొక్కరం అనకపోతే బాగుండదు.

మా అత్తగారి ఊరు ఎమ్మిగనూరు. ఆదోని నుంచి కారెక్కితే పాత పాటలు ఓ పది అయ్యేసరికి వచ్చేస్తుంది. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. మా మామ మగ్గం మీద పెరిగిన మనిషి. ఏ వస్తువు నాణ్యమైనా ఆయన కంటితో చూడడు, వేలితో రాసి చెబుతాడు. కారు పక్కన గొంతుక్కూర్చుని, టైరు మీద బొటనవేలు నిదానంగా నడిపించి, అడిగేది ఒకటే ప్రశ్న.

"దారం బయటపడిందా?"

"లేదు మామా."

"మరింకేంది తొందర?"

దారం కనబడనంతవరకు ఆయన దృష్టిలో అది టైరే. ఇది ఉత్త మొండితనం కాదు, లోపల నిజంగానే దారాలుంటాయి. మొదట్లో నూలు గుడ్డకే రబ్బరు పట్టించి టైర్లు చేసేవాళ్లు. తర్వాత రేయాన్, నైలాన్ వచ్చి నూలును నెట్టేశాయి. ఈ సంగతి నా ద్వారా తెలిసినప్పటి నుంచి, టైర్లు త్వరగా అరిగేది నూలు మానేసినందుకేనని ఆయన బజారంతా చెప్పుకుంటున్నాడు. విన్నవాళ్లంతా నేతగాళ్లే కాబట్టి ఎదురు చెప్పినవాడు లేడు.

మా బావమరిది వాదం ఇంకో రకం. వాడు టీవీలో కారు రేసులు చూస్తాడు.

"ఆ రేసు కార్ల టైర్లకు ఒక్క బటనన్నా ఉండాదా బావా? నున్నగా ఉంటేనే రోడ్డును పట్టుకుంటాది."

వాడి మాటలో సగం నిజం ఉంది, అదే వచ్చిన చిక్కు. టైరు మీద గాళ్లు ఉన్నది నీళ్లను పక్కకు తోసేయడానికి. పొడి రోడ్డు మీద గాళ్లతో పనిలేదు, నున్నటి టైరే ఎక్కువ పట్టు చూపిస్తుంది. కాకపోతే ఆ రేసు 300 కిలోమీటర్ల పైచిలుకు, దగ్గర దగ్గర ఆదోని నుంచి హైదరాబాదు పోయినంత. ఆ కాస్త దూరానికే ఒకసారన్నా టైర్లు మార్చుకుంటారు. చినుకు పడితే గాళ్లున్న టైర్లు వేసుకుంటారు. ఈ రెండో ముక్క చెబితే వాడు ఆకాశం వైపు చూపించి, "మనకు వానెక్కడుంది బావా?" అన్నాడు. పడమటి కర్నూలులో పుట్టినవాడి దగ్గర దానికి జవాబు దొరకదు. ఎప్పుడో ఒకసారి పడుతుంది, అదీ నెలల తరబడి పేరుకున్న దుమ్మూ, ట్రాక్టర్లు కార్చిన ఆయిలూ రోడ్డు మీద ఉండగా పడుతుంది. ఆ మొదటి వానలో గుండు టైరు మీద బ్రేకు తొక్కితే కారు మన మాట వినదు. ఇక చేలవైపు దిగామా, కొత్త టైరుకూ గుండు టైరుకూ తేడా లేదు. నల్లరేగడి బటన్ల సందుల్లో మెత్తి, రెండింటినీ ఒకే లావు చేసి పెడుతుంది.

వాన లేకపోతే టైరుకు ఆయుష్షు పెరుగుతుందనేది మావైపు పెద్ద నమ్మకం. అసలు దాన్ని తినేది ఎండ. మే నెలలో మా తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడినవాడికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కి, టైరు పక్క గోడ మీద ఎండాకాలపు రేగడి చేనులా సన్నగా నెర్రెలిస్తుంది. దానికి తోడు మావాళ్లు వేసవి రాగానే గాలి తగ్గిస్తారు, వేడికి ఉబ్బి పేలుతుందని. జరిగేది దానికి తలకిందులు. గాలి తక్కువైతే పక్క గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతుంది, ఎంత వంగితే అంత కాగుతుంది, పేలేది అప్పుడు. పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, డోరు పక్కన చీటీ మీద రాసినంత గాలి పట్టిస్తే చాలు. ఈ మాట నేను చాలామందికి చెప్పాను. విన్నవాళ్లు తలాడించి, పోయి గాలి తీయించుకున్నారు.

ఒక చలికాలం అత్తను, మామను, బావమరిదిని ఎక్కించుకుని మంత్రాలయం బయల్దేరాం. ఊరి చివర పంచర్ షాపులో గాలి కోసం ఆపితే, అక్కడి భాయ్ గాలి పట్టకుండా సెల్‌ఫోన్ లైటు వేసి టైరు ముందు కూర్చున్నాడు.

"ఇది చూడు సార్." గాడి అడుగున అడ్డంగా ఉన్న చిన్న రబ్బరు మెట్టు మీద గోరు పెట్టాడు. "బటన్ అరిగి ఈ మెట్టుతో సమానమైతే అయిపోయినట్టే. నీది అయిపోయింది."

"దారం బయటపడిందా?" అన్నాడు మామ కారులోంచి.

"దారం బయటపడేలోపల మనం బయట పడతాం సామీ," అన్నాడు భాయ్.

మామ దిగి, అయితే రెండు వేద్దామన్నాడు, అవీ ముందుకు. ఎదురొచ్చేవాళ్లకు కనపడేది ముందరివే కదా అని ఆయన లెక్క. భాయ్ ఒప్పుకోలేదు. రెండే వేస్తే కొత్తవి వెనక్కి పోవాలట. ముందువి జారితే స్టీరింగు చేతిలో ఉంటుంది, కాలు తీస్తే కాస్త దారికొస్తుంది. వెనకవి జారితే కారు బొంగరం తిరుగుతుంది. డబ్బు పెట్టి కొన్నది వెనక దాక్కోవడం మామకు అస్సలు నచ్చలేదు. "స్టెప్నీ ఒక్కరోజు కూడా రోడ్డెక్కలేదు కదా, దాన్నొకటి వాడుకుందాం, ఇంకొకటి కొందాం," అన్నాడు.

భాయ్ డిక్కీ తెరిచి స్టెప్నీ పక్క గోడ తుడిచి నాలుగు అంకెలు చూపించాడు: 3018. "మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2018లో ముప్పయ్యో వారం. తిరిగినా తిరక్కపోయినా వయసు వయసే సార్." ఐదేళ్లు దాటితే ఏటా చూపించుకోమనీ, పదేళ్లయితే బటన్లు ఎంత బాగున్నా తీసేయమనీ కొన్ని కంపెనీలు చెబుతాయని నేనూ అందుకున్నాను. మిగతా నాలుగింటి మీదా అదే అంకె. మామ మెత్తబడలేదు.

అంతసేపూ కారులో విష్ణు సహస్రనామం చదువుకుంటున్న అత్త పుస్తకం మూసింది.

"ముప్పయ్యో వారమంటే ఏ నెల అల్లుడూ?"

"జూలై ఆఖరు అత్తా."

"ఆషాఢం." కాసేపు వేళ్లు లెక్కబెట్టింది. "ఆ ఏడు ఆషాఢ పున్నమికి గదా పెద్ద గ్రహణం పట్టింది? ఎంతసేపటికీ వదల్లేదు."

పట్టింది. 2018 జూలై 27 రాత్రి, ఈ శతాబ్దంలోకెల్లా పొడవైన సంపూర్ణ చంద్రగ్రహణం.

అత్త చెప్పులు వేసుకుని కారు దిగింది. "గ్రహణం వారంలో పుట్టిన టైర్ల మీద నేను మంత్రాలయం రాయరి దగ్గరికి రాను."

మిల్లీమీటర్లకు లొంగని మామ, వాన మాటకు లొంగని బావమరిది, జీతం ఉండి కూడా పత్తి కోసం కాచుకున్న నేను, ముగ్గురం ఆ పూటే టైర్ల దుకాణంలో ఉన్నాం. అత్త కౌంటరు ముందు కుర్చీలో కూర్చుని ఒక్కో టైరునూ దొర్లించి తెప్పించుకుంది. కంపెనీ అడగలేదు, ధర అడగలేదు, అంకెలు అడిగింది. ఏ నిపుణుణ్ణి అడిగినా కొనేముందు తయారైన వారం చూసుకోమనే చెబుతాడు కాబట్టి నేను నోరెత్తలేదు. గోడౌనంతా గాలిస్తే 2025 శ్రావణంలో తయారైనవి నాలుగు దొరికాయి. ఐదోది మహాలయ పక్షంలోది. దాన్ని స్టెప్నీ కింద డిక్కీలో పడుకోబెట్టించింది. పాతవాటిలో రెంటిని మామ రేకుల కొట్టం మీద బరువుకని తెచ్చుకున్నాడు. గ్రహణం దోషం రేకులకు లేదట.

తర్వాత వీల్ అలైన్‌మెంట్‌కని మళ్లీ ఆ దుకాణానికి పోయాను. ముందు ఒక రైతు బేరమాడుతున్నాడు. ఓనరు టైరు మీద చెయ్యి వేసి చెబుతున్నాడు:

"ఇది శ్రావణం సరుకు అన్నా. రెండొందలు ఎక్కువైతాది."