పాతదేలే

రోజంతా నేను చదివేది అమెరికావాళ్ళ మోకాళ్ళ గురించి. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకున్నాను. ఆరేళ్ళుగా ఇదే పని. అక్కడి ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన ప్రతి జబ్బుకీ ఐసీడీ-10 కోడు పెట్టాలి. 2015 అక్టోబరు 1 నుంచి అక్కడ అదే లెక్క. నాకు ఇచ్చింది ఎముకల విభాగం.

మోకాలి గుజ్జు చిరిగిందంటే ముందు తేల్చుకోవలసింది కొత్తదా, పాతదా అని. తొడ ఎముకకీ కాలి ఎముకకీ మధ్య మెత్తలా ఉండే నెలవంకని మెనిస్కస్ అంటారు. ఈమధ్య దెబ్బ తగిలి అది చిరిగితే ఎస్83.2 కింద వేస్తాం. ఎప్పటిదో పాత చిరుగైతే ఎం23.2. ఆ తర్వాతే కుడా ఎడమా, లోపలి వైపా బయటి వైపా, ఇంకా చికిత్స జరుగుతోందా, కోలుకుంటున్నారా అన్నవి. ఎడమ మోకాలైతే ఎస్83.242ఏ వరకూ వెళ్ళొచ్చు, మొత్తం ఏడు స్థానాలు. నోట్సులో స్పష్టంగా లేనిది మేం ఊహించకూడదు, డాక్టర్ని అడగాలి. ఈ నియమమంటే నాకు చాలా గౌరవం. కుంటుతున్న మనిషిని ఎప్పటినుంచి, ఎలా జరిగింది అని అడగడం కన్నా మర్యాద ఏముంటుంది?

మొన్న శ్రావణంలో అమ్మ కుంటుతూ కనిపించింది. "ఏమైందమ్మా?" అన్నాను, షూ లేసులు కట్టుకుంటూ.

"పాతదేలే. అరవై దాటాక గుజ్జు అరగదూ?"

అరుగుతుంది, నిజమే. సాయంత్రం వస్తూ ఆయింట్‌మెంటు తెచ్చిచ్చాను. మూడు వారాలకి కాలు మడవలేక వంటింట్లో కూలబడిపోయింది. అప్పుడు తీసుకెళ్ళాను. డాక్టరుగారు చూసి ఎమ్మారై రాశారు.

ఫిల్ము పట్టుకెళ్ళిన రోజు ఆయన నోరు తెరవకముందే నేనే అందుకున్నాను: "పాత నొప్పి సార్, అరుగుదల."

ఆయన ఫిల్ముని వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు. "అరుగుదల కొంచెం ఉంది. కానీ ఈ చిరుగు పాతది కాదు. ఎముకలో ఈ వాపు చూడండి. దెబ్బ తగిలి ఎన్నాళ్ళో అయుండదు. ఎక్కడ పడ్డారమ్మా?"

అమ్మ నావైపు చూసి తల దించుకుంది. "మెట్ల మీదండీ. ఆ రోజు లిఫ్టు లేదు. పిల్ల బాక్సు మర్చిపోయి దిగిపోయింది. క్యాబు వెళ్ళిపోతుందేమోనని గబగబా దిగాను."

ఆ రోజు నాకు గుర్తుంది. క్యాబు కదులుతుంటే వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి బాక్సు అందించాడు. అమ్మ అతని చేత పంపించిందనుకున్నాను. ఆఫీసులో తీసి చూస్తే పప్పుచారు బ్యాగంతా కారిపోయి ఉంది. ఇంటికొచ్చి, "మూత సరిగ్గా పెట్టడం కూడా రాదా అమ్మా!" అని అరిచాను. అమ్మ మాట్లాడకుండా బ్యాగు తీసుకెళ్ళి, బాత్రూంలో కింద కూర్చుని ఉతికింది.

ఆసుపత్రి బయట నా భుజం పట్టుకుని ఆటో ఎక్కింది. సందు తిరిగేదాకా ఏమీ అనలేదు. అప్పుడు మెల్లిగా అంది:

"మూత గట్టిగానే పెట్టానే."