కాస్త కళ్ళార్పండమ్మా!

ఉపాధి హామీ చట్టం పేరులోంచి గాంధీగారిని దింపేశారు. 100 రోజుల పని 125 రోజులైంది. ఖర్చులో రాష్ట్రం వాటా 40 శాతానికి ఎక్కింది. ఇన్ని మారినా ఉపాధి కూలీ మీద అనుమానం మాత్రం చెక్కుచెదరలేదు, పైగా దానికి చట్టం హోదా వచ్చింది. గట్టు మీద ఫీల్డ్ అసిస్టెంటు పట్టుకున్న సెల్‌ఫోను చాలదని బయోమెట్రిక్‌కూ కృత్రిమ మేధకూ ఈసారి చట్టంలోనే చోటిచ్చారు. కాలవలో పూడిక తీసే ఆడమనిషి మూడొందల చిల్లర రూపాయల కోసం ఈ దేశాన్ని ఎక్కడ ముంచేస్తుందోనని ఢిల్లీకి కంటిమీద కునుకు లేదు. అమరావతికి క్వాంటం వ్యాలీ, విశాఖకు గూగుల్ డేటా సెంటరు, మన నర్సీపట్నం పక్కన గొలుగొండ చెరువు గట్టుకు ముఖ గుర్తింపు. అభివృద్ధిని అన్ని ప్రాంతాలకూ పంచుతామన్నారు, పంచారు. వాళ్ళకు సర్వర్లొచ్చాయి, మనకు సర్వర్ డౌనొచ్చింది.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా ముచ్చటేసేది అంగన్‌వాడీలో సరుకు కోసం కళ్ళార్పడం. మనిషి ఎదురుగా నిలబడి ఉంటుంది. పిలిస్తే పలుకుతుంది. ఆమె అత్తగారెవరో, కన్నవారిది ఏ ఊరో, పెద్దపిల్లకి ఎన్నో నెలలో టీకా వేయించిందో ఫోను పట్టుకున్న అంగన్‌వాడీ టీచరుకు కంఠతా వచ్చు. అది లెక్కలోకి రాదు. ఈమె బతికున్న మనిషేనని, ఫొటో కాదని ఫోనుకు నమ్మకం కుదరాలి. అందుకని కళ్ళార్పాలి. ఆర్పుతుంది. ఫోనుకు నచ్చదు. కొంగు తీసి నిలబడమంటారు, తీస్తుంది. వెలుగులోకి రమ్మంటారు, వస్తుంది. వెలుగు ఎక్కువైందని మళ్ళీ నీడలోకి పంపుతారు. మెల్లగా ఆర్పమ్మా, అంత గబగబా కాదు, అయ్యో, ఇప్పుడెందుకు నవ్వావు! చంకలో పిల్లాడు ఫోను లాక్కోబోతాడు. చుట్టూ చేరినవాళ్ళకు కాసేపు కాలక్షేపం. ఇంతా చేసి తెర మీద గుండ్రం తిరిగి తిరిగి, పోలిక కుదరలేదంటుంది. ఏ పోలిక? ఎప్పుడో ఆధార్ సెంటర్లో, తలకు నూనె రాసుకుని బిగుసుకుపోయి కూర్చున్నప్పుడు తీసిన ఫొటోతో పోలిక. ఆధార్ ఫొటోలో ఉన్నట్టే బయట కూడా కనబడే మనిషి ఈ దేశంలో ఇంకా పుట్టలేదు.

అందులోనూ సర్కారువాళ్ళు ఏరికోరి పట్టుకున్నది గర్భిణులనీ బాలింతలనీ. ఇంటికిచ్చే పోషకాహారానికి 2025 జులై 1 నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. నెలలు నిండే కొద్దీ మొహం నీరు పట్టడం, కాన్పయ్యాక పీక్కుపోవడం ప్రకృతి చేసే పని. మొహం మారిపోయే రోజుల్లోనే మొహాన్ని గుర్తింపుకార్డు చేసిన మేధావి ఎవరోగానీ, ఇంట్లో ఆడవాళ్ళను ఒక్కసారి తలెత్తి చూసి ఉండడు. ముందు ఒకసారి ఈకేవైసీ, దానికి ఓటీపీ. ఆ ఓటీపీ వెళ్ళేది చాలా ఇళ్ళల్లో మొగుడి నంబరుకు. మొగుడు ఏ హైదరాబాదులోనో సెంట్రింగ్ పనిలో ఇనుము కడుతూ ఉంటాడు. అతను ఫోనెత్తి, మెసేజి వెతికి, అంకెలు చదివేలోగా గడువు తీరిపోతుంది. ఇదివరకు ఒంట్లో బాగాలేకపోతే అత్తగారో ఆడపడుచో వెళ్ళి రాగిపిండి, అటుకులు, బెల్లం, చిక్కీలు తెచ్చిపెట్టేవారు. ఇప్పుడు ఆమే రావాలి, ఆమే ఆర్పాలి. రోలుగుంట మండలం ఆర్ల పంచాయతీ కొండ మీది ఊళ్ళ నుంచి నిండు చూలాలిని ఆసుపత్రికి దింపాలంటే ఈనాటికీ డోలీ కట్టాల్సిందే. ఆ డోలీకి దారి వెయ్యలేని ప్రభుత్వం ఆమె రెప్పలను మాత్రం ఢిల్లీ దాకా లెక్కపెట్టగలదు. ఓటు వేసేటప్పుడు ఎవరూ కళ్ళార్పమనరు, కాగితం చూసి వేలికి సిరా చుక్క పెట్టి పంపుతారు. ప్రభుత్వాన్ని ఎన్నుకోవడానికి సరిపోయిన మనిషి రాగిపిండి పొట్లానికి సరిపోవడం లేదు.

ఇది ఒక్క అంగన్‌వాడీలతో మొదలైన జబ్బూ కాదు, ఒక్క పార్టీదీ కాదు. బడిలో మరుగుదొడ్ల ఫొటోలు తీసి రోజూ యాప్‌లో పెట్టమని పంతుళ్ళను వేధించిన కాలమూ మనం చూశాం. ఆ తర్వాత 2022 ఆగస్టులో వాళ్ళ మొహాలకే హాజరు పెట్టారు.

ఇక ఉపాధి పనుల ఫొటోల సంగతి. 2023 జనవరి 1 నుంచి దేశమంతటా పని జరిగే చోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లోకి ఎక్కించాలన్నారు. దొంగ మస్టర్లకు ఇక కాలం చెల్లిందన్నారు. రెండున్నరేళ్ళు గడిచాక, 2025 జులై 8న, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక లేఖ రాసుకుంది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు. ఫొటోకే ఫొటో తీసి పంపుతున్నారు. ఫొటోలో ఉన్న తలలకూ మస్టరులో ఉన్న పేర్లకూ పొంతన లేదు. మగవాళ్ళు ఉండాల్సిన చోట ఆడవాళ్ళున్నారు. పొద్దున ఉన్నవాళ్ళు మధ్యాహ్నం లేరు. ఇవన్నీ ప్రతిపక్షం చేసిన ఆరోపణలు కావు, శాఖవారి సొంత మాటలు. మందు ఏం కనిపెట్టారో తెలుసా? పంచాయతీ స్థాయిలో నూటికి నూరు ఫొటోలనూ మనుషులు కళ్ళతో చూసి సరిచూడాలట! మండలంలో కొన్ని, జిల్లాలో కొన్ని, రాష్ట్రంలో కొన్ని. మనిషిని నమ్మలేక యంత్రాన్ని తెచ్చారు, యంత్రాన్ని నమ్మలేక దాని మీద మళ్ళీ మనిషిని కూర్చోబెట్టారు. ఆ కూర్చున్నది కూడా ఎవరు? ఏ పంచాయతీలో దొంగ మస్టరు పడిందో ఆ పంచాయతీవాళ్ళే.

అసలు మన దగ్గర ఈ పనికి కూలి కట్టేది హాజరును బట్టి కాదు, కొలతను బట్టి. కందకం ఎంత పొడవు, ఎంత లోతు తవ్వారో టేపు పెట్టి కొలిచి లెక్క కడతారు. మే నెల ఎండకు భయపడి చీకటితోనే గునపం, పార పట్టుకుని వచ్చి, పొద్దెక్కేలోగా కొలత పూర్తి చేసుకునే జట్లు ఎన్నో. పని అయిపోయింది, గొయ్యి కళ్ళెదుట ఉంది. అయినా రెండో ఫొటో కోసం చెట్టు నీడ వెతుక్కుంటూ ఉండిపోవాలి, లేదా ఇంటికెళ్ళి మళ్ళీ ఎండలో రావాలి. సిగ్నల్ లేక రెండో ఫొటో ఎక్కకపోతే తవ్విన గొయ్యి తవ్వనట్టే. ఇక్కడ నాకు వెటకారం చాలించాలనిపిస్తోంది. చేసిన కష్టానికి డబ్బు ఇవ్వకపోవడాన్ని సాంకేతిక లోపం అంటున్నారు. అది కూలి దొంగతనం. దొంగకు చేతులు లేవు, సాఫ్ట్‌వేర్ ఉంది, అంతే తేడా.

ఈ దొంగతనం చరిత్ర మన ఊరి రోడ్డు మీదే ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగికి ఘాట్ రోడ్డు వేయించినప్పుడు మన్యం కూలీలకు ఇవ్వాల్సింది ఇవ్వక నొక్కేసినవాడు బాస్టియన్, గూడెం డిప్యూటీ తహసీల్దారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడటం వెనక ఉన్న మంటల్లో ఆ ఎగ్గొట్టిన కూలి ఒకటి. ఆ రోడ్డు పనిలో మోసం చేసినవాడు రాయి కొట్టినవాడు కాదు, పద్దు రాసినవాడు. వందేళ్ళ తర్వాత కూడా దొంగ మస్టరు పడాలంటే ఎవరిదో లాగిన్ ఉండాలి, ఎవరో కొలత పుస్తకంలో రాయాలి, ఎవరో బిల్లు మీద సంతకం పెట్టాలి. తట్ట మోసే మనిషికి లాగిన్ లేదు. మెటీరియల్ పేరుతో సిమెంటుకూ కంకరకూ పోయే లక్షల బిల్లుల దగ్గర ఏ కాంట్రాక్టరునైనా రెప్పలాడించమని అడిగారా? సీసీ రోడ్డు మందం చూసి సంతకం పెట్టే ఇంజినీరు ఆ రోజు నిజంగా అక్కడికొచ్చాడో లేదో చెప్పే ఫొటో రోజుకు రెండుసార్లు ఎక్కుతోందా? ఎవరి చేతిలో డబ్బు ఎక్కువ తిరుగుతుందో వాళ్ళ సంతకం చాలు, ఎవరి చేతికి తక్కువ వస్తుందో వాళ్ళ మొహం కావాలి.

టెక్నాలజీ అంటే మీకు పడదా అంటారు. అవినీతి తగ్గించిందని పరిశోధనలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, అదీ మన రాష్ట్రంలోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010–12 నాటి స్మార్ట్ కార్డుల చెల్లింపులను కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లో 157 మండలాల్లో పరిశీలించారు. కూలి త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గింది. కాదనను. అయితే అప్పుడు కార్డు లేదన్న కారణంతో ఎవరికీ కూలి ఆపలేదు, ఊళ్ళోనే ఒక మనిషి కూర్చుని డబ్బు చేతికిచ్చింది. ఆ ఆర్థికవేత్తలే తర్వాత జార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ తప్పనిసరి చేసిన పద్ధతిని చూశారు. లీకేజీ చెప్పుకోదగ్గంత తగ్గలేదు, ఆధార్ జతకాని ఇళ్ళకు అందే సరుకు మాత్రం సగటున 10 శాతం పడిపోయింది. రెండుచోట్లా యంత్రమే. ఒకచోట అది మనిషికి డబ్బు చేర్చడానికి వచ్చింది, ఇంకోచోట మనిషిని గుమ్మం దగ్గర ఆపడానికి వచ్చింది. మొదటిది చూపించి రెండోది అమ్మేస్తున్నారు. ఉపాధి ఈకేవైసీ మొదలైన 2025 అక్టోబరు, నవంబరు నెలల్లో దేశంలో దాదాపు 27 లక్షల పేర్లు జాబితాల్లోంచి పోయాయనీ, వాటిలో సగానికి పైగా ఆంధ్రప్రదేశ్‌వేననీ లిబ్‌టెక్ ఇండియా అనే పరిశోధన బృందం లెక్క తేల్చింది. ఈకేవైసీకీ దానికీ సంబంధం లేదని కేంద్రం అంది. సంబంధం లేకపోతే మరీ మంచిది, ఏ కారణంతో ఎవరి పేరు పోయిందో ఊరూరా చదివి వినిపిస్తే సరిపోతుంది.

ఫోన్‌పే కొట్టడం వచ్చినవాళ్ళకు మొహం చూపించడం బరువా అని ఇంకొకరు. మన ఊరి అబీద్ సెంటర్లో టీకొట్టు దగ్గర ఫోన్‌పే పనిచేయకపోతే జేబులోంచి పది నోటు తీసిస్తాం, లేకపోతే కొట్టువాడు రేపివ్వు పర్లేదంటాడు. యాప్ పనిచేయని రోజున కూలీకి రేపు తీసుకో పర్లేదు అనేవాడు ఎవడు? దొంగ మస్టర్లు వేసినవాళ్ళను పట్టుకోవద్దా అనేవాళ్ళకు నా జవాబు, తప్పకుండా పట్టుకోండి. పట్టుకునే పద్ధతి మన దగ్గరే ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది, సామాజిక తనిఖీ కూడా ఆ ఏడాదే మన దగ్గర మొదలైంది, 2009లో దానికి విడిగా ఒక సంస్థనే పెట్టుకున్నాం. మస్టరు నకలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, నువ్వు ఇన్ని రోజులు పని చేశావని రాసుంది, చేశావా, డబ్బు ముట్టిందా అని అడగడం. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదవడం. చచ్చిపోయినవాడి పేరున కూలి పడితే ఆ ఊళ్ళో ఎవరికి తెలియదు? దానికి కృత్రిమ మేధ అక్కర్లేదు. అక్కడ బయటపడిన సొమ్మును రాబట్టడంలోనే మనకు బద్ధకం, ఎందుకంటే ఆ జాబితాలో ఉండేది కూలీలు కాదు.

కొత్త చట్టం కింద రాష్ట్రం తన పథకాన్ని తానే రాసుకోవాలి. అందులోనూ అంగన్‌వాడీ నిబంధనల్లోనూ ఒక్క వాక్యం చేర్చమని అడుగుదాం: యాప్ ఆగినా, మొహం కుదరకపోయినా, తవ్విన కొలతకు కూలి, చేరాల్సిన తల్లికి సరుకు ఆగకూడదు. ఆపినవాడు సొంత జీతంలోంచి కట్టాలి. అసెంబ్లీ స్పీకరు అయ్యన్నపాత్రుడుగారు మన నర్సీపట్నం ఎమ్మెల్యేనే. అర్జీ పట్టుకుని దూరం వెళ్ళనక్కర్లేదు.