సహకరించే శత్రువు కావలెను

ఐకిడో నేర్పే శిక్షణశాలలో, అంటే దోజోలో, ఎదురయ్యే శత్రువంత మర్యాదస్తుడు మరే యుద్ధవిద్యలోనూ కనిపించడు. అతడు ఎదుటివారి మణికట్టును ఒక చేత్తో గట్టిగా పట్టుకుంటాడు. కతాతెదోరి అనే ఈ పట్టు పట్టిన తరువాత ఖాళీగా ఉన్న రెండో చేతితో ఏం చేయాలో తోచనివాడిలా నిలబడిపోతాడు. లేదా అరచేతిని కత్తిలా నిలబెట్టి, షోమెనుచి అనే పేరుగల ఒకే ఒక్క దెబ్బను నడినెత్తికి గురిచూసి, నాలుగడుగుల దూరం నుంచే చాటింపు వేసినట్టుగా కొడతాడు. రెండో దెబ్బ కొట్టడం అతని ఆచారంలో లేదు. కొట్టిన చేతిని వెనక్కి తీసుకోవడం అంతకన్నా లేదు, ఎందుకంటే ఆ చేయి గాలిలో నిలిచి ఉంటేనే కదా దాన్ని అందుకొని, తిప్పి, వంచి, అతణ్ని చాప మీద పరుండబెట్టడం వీలయ్యేది.

ఈ వింత దాడులకు సంప్రదాయవాదులు చారిత్రక కారణం చూపుతారు. ఒరలోంచి కత్తి దూయబోయేవాణ్ని ఆపాలంటే మణికట్టు పట్టుకోవాలని, నెత్తిమీది దెబ్బ కత్తివేటుకు నకలని వారి వివరణ. అందులో తర్కం లేకపోలేదు. చిక్కల్లా కాలంతోనే. సామాన్యులూ సమురాయిలూ బహిరంగంగా కత్తులు ధరించి తిరగడాన్ని జపాన్ ప్రభుత్వం 1876లోనే నిషేధించగా, ఐకిడో స్థాపకుడు మొరిహెయ్ ఉయెషిబా పుట్టింది 1883లో. తాను పుట్టకముందే వీధుల్లోంచి మాయమైన ప్రమాదం నుంచి శిష్యులను కాపాడటానికి ఆయన ఒక జీవితకాలం వెచ్చించాడన్నమాట.

ఉయెషిబా సామర్థ్యాన్ని శంకించనక్కరలేదు. ఆయన 1915లో హొక్కయిదోలో తకెదా సొకాకు అనే కఠిన గురువు వద్ద దైతోర్యూ అనే పాత జుజుత్సు పద్ధతిని అభ్యసించాడు. తరువాత ఓమొతో అనే కొత్త మతశాఖ ప్రభావంలో ఆ విద్యకు విశ్వప్రేమను జోడించాడు. 1931లో టోక్యోలో ఆయన తెరిచిన కొబుకాన్ శాలకు నరకపు దోజో అన్న పేరు రావడానికి అక్కడి సాధన తీవ్రతే కారణం. ఆ శాలకు వచ్చిన ప్రముఖ శిష్యుల్లో చాలామంది అప్పటికే జూడోలోనో, కత్తిసాములోనో చేయి తిరిగినవారన్న సంగతిని మాత్రం ప్రచారకులు చల్లగా దాటవేస్తారు. ఐకిడో పనిచేస్తుందనడానికి తరచూ రుజువుగా చూపే గోజో షియోదా జూడోలో సాధన చేసి వచ్చినవాడే. నిజమైన పోరులో ఐకిడో డెబ్బై వంతులు అతెమి, అంటే ముఖానికో డొక్కకో తగిలే సూటి దెబ్బ, అని గురువు అన్నట్టు చెప్పినవాడూ ఆయనే. నేటి అనేక శాలల్లో ఆ డెబ్బై వంతులూ ముక్కుకు జానెడు దూరంలో చేయి ఆడించే సంకేతంగా మిగిలాయి. సాధనంతా తక్కిన ముప్పైలోనే సాగుతోంది.

టోక్యో అల్లర్ల నిరోధక పోలీసులు షియోదా స్థాపించిన యోషింకాన్ శాలలో నెలల తరబడి శిక్షణ పొందుతారన్న మాట నిజమే. వారి వెనుక లాఠీలు, డాళ్లు, తోటి పోలీసుల వరుస, న్యాయస్థానం ఉంటాయన్న మాటా అంతే నిజం.

విమర్శకులకు వినిపించే జవాబు ఒకటుంది: ఈ పట్లు మరీ ప్రమాదకరమైనవి కనుక ఎదురుతిరిగే ప్రత్యర్థిపై ప్రయోగించి చూడకూడదట. ఆడలేనివారు మద్దెలను తిడితే, వీరు మద్దెల మరీ బిగువుగా ఉందని మెచ్చుకుంటున్నారు. ఈ చిక్కును జిగోరో కానో ఉయెషిబా పుట్టడానికి ఏడాది ముందే విప్పాడు. 1882లో జూడోను స్థాపించిన కానో, పాత జుజుత్సులోని ప్రమాదకరమైన పట్లను పక్కనపెట్టి, మిగిలినవాటిని రందోరిలో, అంటే ఇద్దరూ తమ శక్తికొద్దీ ప్రతిఘటించే స్వేచ్ఛాసాధనలో, ప్రయోగించనిచ్చాడు. ప్రాణాంతకమైన పట్టును ఊహలో వేసినవాడికన్నా, మామూలు పట్టును మొండివాడిపై వెయ్యిసార్లు వేసినవాడు బలవంతుడవుతాడని ఆయన పద్ధతి చూపించింది.

ఈ పాఠాన్ని ఐకిడోలోకి తేబోయినవాడు కానో, ఉయెషిబాలు ఇద్దరికీ శిష్యుడైన కెంజి తొమికి. వసెదా విశ్వవిద్యాలయంలో ఆయన రూపొందించిన పోటీలో ఒకరు మెత్తని ఉత్తుత్తి కత్తితో నిజంగానే పొడవబోతుంటే, రెండోవారు ఖాళీ చేతులతో ఎదుర్కోవాలి. ఫలితం కనువిందుగా ఏమీ ఉండదు: ఈకల్లా ఎగిరిపడే దేహాలు మాయమై, పెనుగులాట, తోపులాట, తగిలిన కత్తిపోట్లు మిగులుతాయి. సత్యం ఇంత అందవికారంగా ఉండటం నచ్చలేదో ఏమో, ఐకిడో ప్రధాన సంస్థ పోటీ అన్న ఆలోచననే తోసిపుచ్చింది. 1950ల తొలి సంవత్సరాల్లో ఫ్రాన్సులో నేర్పి వచ్చిన మినోరు మొచిజుకి, అక్కడి సవాళ్లను ఐకిడోతో మాత్రమే గెలవలేక జూడో, కత్తిసాముల సాయం తీసుకోవలసి వచ్చిందని తన గురువు ఉయెషిబాకు విన్నవిస్తే, గెలుపోటముల గురించి ఆలోచించడమే తప్పని ఆయనకు మందలింపు దక్కింది.

అసలు కీలకం ఇక్కడే ఉంది. రక్షణ కోరి వచ్చినవారికి ఇది ఆత్మరక్షణ విద్య. రుజువు కోరి వచ్చినవారికి ఇది శాంతి మార్గం. రుసుము చెల్లించేటప్పుడు మొదటి అర్థమూ, దెబ్బతిన్నప్పుడు రెండో అర్థమూ అమలులోకి వస్తాయి. శాంతి మార్గమే అయితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అటువంటప్పుడు రబ్బరు కత్తుల ప్రదర్శనలెందుకో ఎవరైనా చెప్పాలి.

నిజానికి ఈ విద్యలో సహకరించని ప్రత్యర్థితో రోజూ తలపడేవాడు ఒకడున్నాడు. అతడు ఉకె, అంటే దాడి చేసి కిందపడే పాత్రధారి. దెబ్బ తగలకుండా పడే ఉకెమి అనే నేర్పును అతడు నేల మీద సాధన చేస్తాడు, నేలకు ఐకిడో మర్యాదలు తెలియవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 6,84,000 మంది జారిపడో, పైనుంచి పడో చనిపోతున్నారు కనుక, ఈ నేర్పు ఉపయోగం గురించి వాదించవలసిన పని లేదు. అయినా శిక్షణశాలల ప్రకటనల్లో కత్తి దూసిన దుండగుడి బొమ్మే ఉంటుంది. తడిసిన స్నానాలగది బొమ్మ వేస్తే నల్లపట్టీ మీద మోజుతో నెలవారీ రుసుము కట్టేందుకు ఎవరొస్తారు?