మేకుకు వేలాడే క్లౌడ్

అమీర్‌పేటలో ఓ అయిదంతస్తుల కాంప్లెక్స్. ముందంతా నీలం అద్దాలు. తాళ్లు కట్టుకుని దిగి మరీ తుడుస్తారు. మూడో అంతస్తులో కోచింగ్ సెంటర్ బోర్డు: క్లౌడ్ కంప్యూటింగ్ నేర్పబడును.

క్లౌడ్ చూస్తారా? వెనక సందులోకి రండి. ముక్కు మూసుకుని రండి.

గోడకి తుప్పు పట్టిన మేకు. దానికి చుట్టలు చుట్టలుగా నల్ల వైర్లు. పక్కనే ఓ డబ్బా, తలుపు ఒక్క బందు మీద ఊగుతోంది. లోపల స్ప్లిట్టరు, దుమ్ము, ఓ బల్లి కాపురం. పగిలిన జాయింటుకి బిర్యానీ పార్శిల్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేశారు. ఇదండీ కోట్ల బిల్డింగుకి వాటర్‌ప్రూఫింగ్! పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో అనుకున్నాం.

ఆ వైరులో గాజు పోగు మందమెంతో తెలుసా? 125 మైక్రాన్లు. మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. గట్టిగా మడిస్తే అందులో నెట్టు మోసే వెలుతురు దారి తప్పుతుంది. కింది మందుల షాపు కార్డు మిషను, పై ల్యాబు రిపోర్టులు, పక్కాఫీసు జీతాలు అన్నీ ఆ పోగు మీదే నడవాలి. దాన్ని ఎలక కొరుకుతుంది. కోతి ఊగుతుంది. ఏసీ మెకానిక్ కాలు పెట్టి పైకెక్కుతాడు.

కాపాడాలంటే రాకెట్ సైన్సు కావాలా? పైపు కావాలి. ఎండకు తట్టుకునే పైపు, నాలుగు క్లాంపులు, మూత పడే డబ్బా. వైరు గోడలోకి దూరేముందు కిందికి చిన్న వంపు వదిలితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి. వైర్లు కట్టే తెల్ల ట్యాగులు ఎండకి పెళుసుబారి పుటుక్కున తెగుతాయి, నల్లవి వాడండి. అంతే! లాబీలో ఇటాలియన్ మార్బుల్‌కి డబ్బులుంటాయి. గజం పైపుకి మాత్రం బడ్జెట్ ఉండదు.

ఎవరి బాధ్యత? బిల్డర్ని అడగండి, కేబులోళ్లది అంటాడు. కేబులోళ్లనడిగితే ఓనర్‌ది. ఓనర్‌ అసోసియేషన్ని చూపిస్తాడు. అసోసియేషన్ మీటింగ్ వాయిదా. మెయింటెనెన్స్ బిల్లుకి మాత్రం వాయిదా లేదు, ఒకటో తేదీకల్లా ఠంచనుగా దిగుతుంది!

పోనీ రూల్స్ లేవా? 2023లో కొత్త టెలికాం చట్టం చేశారు. దాని కింద వైర్లకి దారిచ్చే రైట్ ఆఫ్ వే రూల్స్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చాయి. కాగితం మీద వైర్లు భలే తిన్నగా వెళ్తాయి. మన సందులోనే ఎందుకో చిక్కుపడతాయి.

అదే ఏడాది ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు. రథానికి కరెంటు తగిలింది. అయిదుగురు చనిపోయారు. అప్పటిదాకా స్తంభాల మీద ఏం వేలాడుతోందో ఎవరికీ కనపడలేదా? వాటి కింద నుంచే కదా ఆఫీసరు సారు కారు వెళ్లేది? ఆ తర్వాత కట్టర్లు దిగాయి. స్తంభాల మీది కేబుళ్లు టపటపా కోశారు. ఊరంతా నెట్టు పోయింది. ఓ కంపెనీ హైకోర్టుకెక్కింది. కట్టర్లొచ్చిన వేగంతో పైపులెందుకు రావు? కోస్తే ఫోటో వస్తుంది. పైపు వేస్తే ఎవడు చూస్తాడు?

మొన్న మా ఆఫీసులో నెట్టు పోయింది. మూడు ఫిర్యాదుల తర్వాత ఓ కుర్రాడొచ్చాడు. సందులో ఆ చుట్టల కింద నిలబడి తలెత్తాడు.

“మనది ఏది బాబూ?”

“లాగి చూడాలి సార్.”

లాగాడు. పక్క కిటికీలోంచి కేక: “ఏయ్, మా నెట్టు పోయింది!”

“మనది కాదు సార్,” అన్నాడు నిశ్చింతగా. ఇంకోటి లాగాడు.

చివరికి దొరికింది. అతికించాడు. పైపు వెయ్యవా అనడిగాను. కంప్లైంట్‌లో పైపు రాయలేదన్నాడు. వాణ్ణి ఏమనగలం? వాడికిచ్చిన సంచిలో పైపుంటే కదా! మబ్బు పట్టిన ఆకాశం వంక ఓసారి చూసి, జేబులోంచి రబ్బరు బ్యాండు తీశాడు.

“సార్, మీ దగ్గర బిర్యానీ కవరేమన్నా ఉందా?”