సెల్లార్‌లో సర్వసన్నద్ధం

(విజయవాడ, సింగ్‌నగర్ దాపున ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సెల్లార్ మునిగింది. గోడ మీద నీటి చార ఇంకా అలాగే ఉంది. దానికి రంగు వేయించాలా వద్దా అన్నది రెండు సమావేశాల్లోనూ తేలలేదు. ఇవాళ్టి ఎజెండా: ‘మళ్ళీ వరదొస్తే?’ మిరపకాయ బజ్జీలు తెప్పించారు కాబట్టి కోరం ఉంది.)

సెక్రటరీ (రిటైర్డ్ ఇంజనీరు): ముందుగా ఒక మాట. ఎవరూ కంగారు పడక్కర్లేదు. ఆ సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అలాంటి వరద మన జన్మలో మళ్ళీ రాదు.

జాడీల పిన్నిగారు: 2009లో 11.10 లక్షలు వచ్చినప్పుడూ మీరు ఈ మాటే అన్నారు నాయనా. అప్పుడు మీ జుట్టు నల్లగా ఉండేది.

సెక్రటరీ: అది వేరు పిన్నిగారూ. అయినా మనల్ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. గట్లకు గండ్లు పడ్డాయి. పైగా కృష్ణ నిండుగా ఉంటే మళ్ళింపు కాలువ నీళ్ళను లోపలికి రానివ్వదు, వెనక్కి తంతుంది...

సరంజామా గారు: తన్నుడు సంగతి వదిలేయండి సార్. నేను 72 గంటల సంచి సిద్ధం చేశాను. చెయ్యి తిప్పితే ఛార్జయ్యే రేడియో, తలకు కట్టుకునే లైటు, 11 పనులు చేసే చాకు, వానలో కూడా నిప్పు పుట్టించే చెకుముకి పుల్ల.

పిన్నిగారు: నడుంలోతు నీళ్ళలో నిప్పెందుకు బాబూ?

సరంజామా: అడవిలో చిక్కుకుపోతే పనికొస్తుందండీ.

పిన్నిగారు: సింగ్‌నగర్‌లో అడవెక్కడిది?

సరంజామా: అమెరికా వాళ్ళ లిస్టు చూసి కొన్నానండీ. ఎలుగుబంటిని బెదిరించే ఈల కూడా ఉంది అందులో.

వాచ్‌మన్ (తలుపు దగ్గర నిలబడి, కుర్చీలు సభ్యులకే): ఆ ఎర్ర సంచేనా సార్? మీ కారు డిక్కీలో ఉండేది?

సరంజామా: అదే. ఉన్నపళంగా బయల్దేరాలంటే కారులోనే ఉండాలి.

వాచ్‌మన్: కారు సెల్లార్‌లో ఉంటది కదండీ.

(కాసేపు బజ్జీలు నమిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.)

మిద్దెతోట గారు: అందుకే నేను చెప్పేది, పరికరాలు కావు కావాల్సింది. స్వయంసమృద్ధి! లాక్‌డౌన్‌లో మొదలెట్టాను. ఇవాళ నా మిద్దె మీద టమాటా, వంగ, బెండ, తోటకూర, పుదీనా. ఊరంతా బందైనా మా ఇంట్లో పొయ్యి ఆరదు.

సరంజామా (సంచి కసి తీర్చుకుంటూ): లెక్క వేద్దామా? మనిషికి రోజుకు సుమారు 2,000 కేలరీలు కావాలి. 100 గ్రాముల టమాటాలో ఉండేది 18. అంటే మనిషికి రోజుకు 11 కిలోలు. మీ ఇంట్లో నలుగురు, 44 కిలోలు. మొన్న ఆదివారం ఎన్ని కోశారు?

మిద్దెతోట: ముప్పావు కిలో. కానీ మందులు కొట్టనివి!

సరంజామా: అదే బియ్యమైతే మనిషికి 600 గ్రాములు దాటదు.

మిద్దెతోట: తోటకూర చల్లితే 25 రోజుల్లో కోతకొస్తుందండీ.

పిన్నిగారు: వరద 25 రోజుల ముందు కబురు పెట్టి వస్తుందా?

ఫార్వర్డు గారు (ఫోను లోంచి తలెత్తి): వస్తుందండీ. గట్టు తెగిందని వారానికి మూడుసార్లు గ్రూపులో పెడుతూనే ఉన్నాను.

సెక్రటరీ: తోట సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మామూలు మిద్దెకు చదరపు మీటరుకు 150 కిలోల భారం చొప్పున లెక్క కట్టి డిజైను చేస్తాం. అడుగు మందాన తడిమట్టి పోస్తే ఆ మీటరు మీద 500 కిలోలు. మీరు నా నెత్తిన పెంచుతున్నది బెండకాయలనా, గండాన్నా? మీ ఆకులు అడ్డంపడి వాననీటి గొట్టం పూడితే మా హాల్లోకి దిగిన నీళ్ళు ఎవరి స్వయంసమృద్ధి?

(మిద్దెతోటల మీద ఈ రచయితకు కోపం లేదు. కొబ్బరిపొట్టు, ఎరువు కలిపిన తేలిక మట్టితో, బీముల మీదుగా మళ్ళు కట్టుకుని, గొట్టాలు శుభ్రంగా పెట్టుకున్నవాళ్ళు మంచి కూర తింటున్నారు. కాకపోతే అది కూర. అన్నం కాదు.)

పిన్నిగారు: మీ లెక్కలన్నీ అయ్యాయా? మా ఇంట్లో ఆవకాయ, గోంగూర, మాగాయ, చింతకాయ తొక్కు, ఊరమిరపకాయలు ఉన్నాయి. ఏడాదికి సరిపడా. ఏ వరదైనా రానీ.

సరంజామా: అన్నీ ఉప్పేనండీ పిన్నిగారూ. ఉప్పు తిన్నవాళ్ళు నీళ్ళు తాగాలి. నీళ్ళేవీ?

పిన్నిగారు (గొంతు తగ్గించి): అది నిజం. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమలో ఉన్నాను నేను. మా బావి నీళ్ళు ఉప్పుకశం. అటుకులూ బెల్లం ఎవరో పంచారు కానీ, నాలుక తడుపుకోవడానికి దిక్కు లేదు. అయినా చూడు, పచ్చళ్ళు పెట్టుకున్నాను గానీ నీళ్ళు పెట్టుకోవాలని తోచలేదు.

సెక్రటరీ: మనిషికి తాగడానికి రోజుకు 3 లీటర్లు. నలుగురికి అయిదు రోజులంటే 60. అంటే 20 లీటర్ల వాటర్ టిన్నులు మూడు. వరద హెచ్చరిక వినగానే మూడు టిన్నులు నింపి మంచం కింద పెట్టుకోవడానికి ఏమైంది మనకు?

సరంజామా: చవగ్గా ఉంది కదండీ, అందుకే తోచదు.

మిద్దెతోట: పైట్యాంకులో నీళ్ళున్నాయిగా!

వాచ్‌మన్: ఉండేయి సార్. కరెంటు పోయింది, మోటరు ఆడదు. ట్యాంకులో మిగిలిన నీళ్ళు మీ డ్రిప్పు తాగేసింది. దానికి బ్యాటరీ టైమరు కదండీ. బయట జోరున వాన, పైన బెండమొక్కలకి టైముకి నీళ్ళు.

(501 ఫ్లాటు మిద్దెతోట గారి మీదికి అందరి చూపులూ. 501 చూపు బజ్జీల పళ్ళెం మీదికి.)

సెక్రటరీ: సంపులో నీళ్ళు వాడుకోవాల్సింది.

వాచ్‌మన్: దాన్లోకి మురుగు కలిసిపోయింది సార్. వరదనీళ్ళు ర్యాంపు దిగడం చూడగానే నేను ముందు మెయిన్ ఆపాను. మా పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టాను. మంచం తీసుకురావడానికి వెళ్ళేసరికి అది తేలుతోంది.

సెక్రటరీ: మెయిన్ స్విచ్ ఎక్కడుంది మనకి?

వాచ్‌మన్: తెలీదా సార్? సెల్లార్‌లో, జనరేటర్ వెనక. అంతా అక్కడే కదండీ. మోటరు కింద, కరెంటు బోర్డు కింద, జనరేటరు కింద, సంపు కింద, నేను కింద. పైనేముందండీ? బెండకాయలు.

సెక్రటరీ: (గొంతు సవరించుకుని) నువ్వేమంటావయితే?

వాచ్‌మన్: బోర్డూ జనరేటరూ మొదటంతస్తుకి ఎక్కించమని ఎలక్ట్రీషియన్ చెప్పాడండీ. ఫ్లాటుకి తొమ్మిది వేలు పడతదట. నా గది కూడా పైకి మారిస్తే...

ఫార్వర్డు: తొమ్మిది వేలా! నా ఇన్వర్టరు నాకుంది.

సరంజామా: జనరేటరు పైకొస్తే మెట్ల దగ్గర నా బైకు ఎక్కడ పెట్టాలి?

మిద్దెతోట: గదంటే టెర్రస్ మీదే వేయాలి. అక్కడ వంగనారు పోశానండీ.

పిన్నిగారు: నా వాటా నేనిస్తాను. (ఆమె మాట మీద ఎవరూ మాట్లాడలేదు. బజ్జీలు కూడా అయిపోయాయి.)

(సమావేశం మినిట్స్ గ్రూపులో పెట్టారు. వరద సన్నద్ధతపై లోతైన చర్చ జరిగిందనీ, సభ్యులందరికీ ఈలలు కొనాలని నిర్ణయించారనీ, జనరేటరు విషయం వచ్చే ఏడాదికి వాయిదా పడిందనీ అందులో ఉంది. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంటికొకరికి చూపిస్తానని వాచ్‌మన్ అన్న మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు. అతను సభ్యుడు కాడు.)