హైదరాబాదు చూశాం, లెక్క సరిపోయింది

డిసెంబరు వచ్చిందంటే మాచర్లలో పిల్లలున్న ఇళ్లకు బడి నుంచి ఒక కాగితం వస్తుంది. "విద్యార్థుల మనోవికాసార్థం హైదరాబాదు విహారయాత్ర ఏర్పాటు చేయడమైనది" అని మొదలవుతుంది. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, గోల్కొండ కోట, బిర్లా మందిరం, హుస్సేన్‌సాగర్, మెట్రో రైలు, షాపింగు మాలు. అన్నీ ఒకే రోజు. గోల్కొండ సుల్తానులు తరాల తరబడి కట్టుకున్నదాన్ని మనవాళ్లు భోజన విరామంతో కలిపి పది గంటల్లో ముగించేస్తారు. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంటుంది: "యాత్రలో జరిగే ఎటువంటి సంఘటనకూ యాజమాన్యం బాధ్యత వహించదు." మనోవికాసం జరిగితే మా గొప్ప, ఇంకేదైనా జరిగితే మీ ఖర్మ అని దాని తాత్పర్యం. తండ్రి సంతకం సరిగ్గా దాని కిందే పెట్టాలి.

సంతకం తేలికే. డబ్బు దగ్గరే చిక్కు. పల్నాడులో మిర్చి కోతలు ఊపందుకునేది సంక్రాంతి దాటాక. కాయ ఎండి, బస్తాకెక్కి, గుంటూరు యార్డుకు చేరి, పైసలు చేతికొచ్చేసరికి శివరాత్రి వెళ్లిపోతుంది. విహారయాత్ర మాత్రం డిసెంబరులోనే. కాబట్టి మా పిల్లలు చార్మినార్‌ని ఎప్పుడూ అప్పు మీదే చూస్తారు. "పక్కింటి పిల్ల పోతోంది గదా నాన్నా" అని ఒక ఏడుపు, "డబ్బులేమన్నా చెట్లకు కాస్తన్నయ్యా" అని ఒక కేక. నిజానికి మా దగ్గర చెట్లకే కాస్తాయి. రేటెంతో చెప్పి కాయవు, అంతే తేడా.

ఇక అమ్మ జాగ్రత్తలు. "కిటికీలోంచి చెయ్యి బయట పెట్టమాక. ఎవరేమిచ్చినా తినమాక. సారు చెయ్యి వదలమాక." బస్సులోని పిల్లలంతా అమ్మ మాట వింటే ఆ సారుకు ఎన్ని చేతులు కావాలో ఏ అమ్మా లెక్కెయ్యదు.

మాచర్ల నుంచి మూకుమ్మడిగా ఊరు విడవడం కొత్త సంగతేమీ కాదు. కోడిపోరులో ఓడిపోయి మలిదేవరాజు, బ్రహ్మనాయుడు తమవాళ్లందరినీ వెంటబెట్టుకుని ఏడేళ్లు వనవాసం పోయారని పల్నాటి కథ. వాళ్లను అడుగడుక్కీ వరసలో నిలబెట్టి హాజరు పిలిచి ఉంటే ఆ ఏడేళ్లూ ఊరి పొలిమేరలోనే అయిపోయేవి. మన యాత్రలో అసలు పని అదే. బస్సెక్కేముందు తలలు లెక్కపెడతారు, ఎక్కాక లెక్కపెడతారు, టిఫిన్ల దగ్గర, టిక్కెట్ల దగ్గర, మూత్రశాలల దగ్గర లెక్కపెడతారు. ఒక తల తగ్గుతుంది. గుండె ఆగిపోతుంది. మళ్లీ మొదట్నించీ లెక్కపెడితే, తగ్గినవాడు లెక్కపెట్టే సారు పక్కనే నిలబడి తనూ లెక్కపెడుతుంటాడు. పరమానందయ్య శిష్యులు ఏరు దాటినప్పటి నుంచీ తెలుగుదేశంలో ఈ లెక్క కుదిరింది లేదు. సార్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఎవరి బిడ్డ తప్పిపోయినా మెడకు చుట్టుకునేది వాళ్లకే. నోటీసులో చేతులు దులుపుకున్న యాజమాన్యం బస్సులో ఉండదు.

బస్సు తెల్లవారుజామున మూడింటికి. అంటే నాలుగున్నరకు. చెన్నకేశవస్వామి పేరు చెప్పి కొబ్బరికాయ కొట్టి, నాగార్జునసాగర్ రోడ్డెక్కగానే పిల్లలంతా నిద్ర. ఓ పాతిక కిలోమీటర్లు పోయాక బస్సు కృష్ణ దాటుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాం. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. అది కిటికీ పక్కనుంచి చీకట్లో వెళ్లిపోతుంది, చూసేవాడు డ్రైవరొక్కడే. 2023 నవంబరు నెలాఖరున ఈ డ్యాం మీదే రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. 26 గేట్లలో పదమూడు మీకు, పదమూడు మాకు అని మధ్యలో ముళ్లకంచె వేసుకున్నారు. చివరికి కేంద్ర బలగాలు వచ్చి కాపలా కూర్చున్నాయి. భాగహారం ఇంతకంటే బాగా ఏ పుస్తకం చెప్పగలదు? కానీ లెక్కల సారు కూడా నిద్రలోనే ఉంటారు.

అదే వేళకు అవతలి వైపు నుంచి హైదరాబాదు బడుల బస్సులు వస్తుంటాయి. వాళ్లు చూడబోయేది మా డ్యామూ, మా ఎత్తిపోతలూ, మా నాగార్జునకొండే. ఆ పిల్లలూ నిద్రలోనే. వంతెన మీద రెండు బస్సులూ ఆగి పిల్లల్ని మార్చుకుంటే డీజిలు సగం మిగిలేది.

ఇబ్రహీంపట్నం దగ్గర తెల్లారుతుంది. ఎల్బీనగర్ చేరేసరికి ట్రాఫిక్కు, ట్రాఫిక్కులో వాంతులు. వాంతుల మధ్యే సోషలు మేడం మైకు పుచ్చుకుంటారు. ఈ మేడం కష్టం పగవాళ్లకు కూడా వద్దు. 2014కు ముందైతే "పిల్లలూ, ఇదే మన రాజధాని" అంటే సరిపోయేది. ఆ తర్వాత పదేళ్లు "ఉమ్మడి రాజధాని" అని నెట్టుకొచ్చారు. 2024 జూన్ 2తో ఆ ముచ్చటా తీరిపోయింది. ఇప్పుడు "ఇది పొరుగు రాష్ట్ర రాజధాని" అనగానే వెనక సీట్లోంచి ఒకడు లేచి "మరి మన రాజధానికి ఎందుకు తీసుకుపోరు మేడం?" అంటాడు. అది పూర్తయ్యాక తీసుకుపోతామని మేడం జవాబు. 2015 అక్టోబరులో అమరావతికి ప్రధాని శంకుస్థాపన చేసినప్పుడు ఈ జవాబు విన్న తొమ్మిదో తరగతి కుర్రాడికి ఇప్పుడు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. 2025 మే నెలలో అదే ప్రధాని మళ్లీ వచ్చి పనులు మళ్లీ మొదలుపెట్టారు. మేడం జవాబు మార్చాల్సిన పని పడలేదు.

చార్మినార్ దగ్గర బస్సు ఆగనివ్వరు. ఎక్కడో దించి, ముందువాడి భుజం మీద చెయ్యి వేయించి నడిపిస్తారు. "1591, మహమ్మద్ కులీ కుతుబ్‌షా" అని సారు అరుస్తుంటారు. గాజుల దుకాణాల వాళ్లు అంతకంటే గట్టిగా అరుస్తుంటారు. ఆడపిల్లల చూపు లాడ్‌బజారు వైపు, మగపిల్లల చూపు కీ ఇస్తే ఎగిరే ప్లాస్టిక్ పిట్ట వైపు. చార్మినార్ వైపు చూసేది సారు ఫోనొక్కటే. అందరినీ దాని ముందు నిలబెట్టి, మినార్‌లకు వీపు తిప్పించి, "ఇటు చూడండి, ఇటు" అంటారు. అంత దూరం వచ్చి పిల్లలు చివరికి చూసేది మాచర్ల సారునే. ఆ ఫొటో సాయంత్రానికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో, జూన్‌కి అడ్మిషన్ల ఫ్లెక్సీ మీద.

సాలార్‌జంగ్ మ్యూజియం సంగతి మాత్రం నాకు మింగుడుపడదు. 1951 డిసెంబరులో నెహ్రూ ప్రారంభించిన ఈ మ్యూజియంలో పాలరాతి ముసుగు వెనక నుంచి ముఖం కనిపించే రెబెక్కా ఉంది. ముందు నుంచి మగవాడు, వెనక అద్దంలో ఆడపిల్లగా కనిపించే కొయ్య బొమ్మ ఉంది. అవన్నీ అటుంచండి. అక్కడో సంగీత గడియారం ఉంది. అందులో ఒక కమ్మరి బొమ్మ సెకను సెకనుకూ సుత్తి దెబ్బ వేస్తుంటాడు. గంటయ్యే వేళకు గడ్డపాయన ఒకడు తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు గంట మీద కొట్టి, మళ్లీ లోపలికెళ్లి తలుపేసుకుంటాడు. చేసే ఉద్యోగం అంతే, కానీ ఒక్కరోజూ ఆలస్యం చెయ్యడు. ఆ రెండు నిమిషాల కోసం జనం ముందే వచ్చి కూర్చుంటారు. పన్నెండు గంటలప్పుడైతే పన్నెండు దెబ్బలు, ఇక చెప్పక్కర్లేదు.

మన బృందం పదకొండుంబావుకు లోపలికి వస్తుంది. గదులన్నీ పరుగు మీద చుట్టేసి పదకొండు యాభైకి గడియారం ముందుకు చేరుతుంది. పిల్లలు చతికిలబడతారు. కమ్మరి కొడుతున్నాడు. ఒక చిన్న పిల్ల నోరు తెరుచుకుని ఆ సుత్తినే చూస్తోంది. అయిదు నిమిషాలు ఆగితే చాలు. పదకొండు యాభై అయిదుకు సారు చేతి గడియారం చూసుకుంటారు. "లేవండి లేవండి, జూ మూసేస్తారు." జూ మూసేది సాయంత్రం. అయినా లేవాలి. ఆ పిల్ల వెనక్కి చూస్తూనే లేస్తుంది, భుజం మీద చెయ్యి వేస్తుంది, నడుస్తుంది. గేటు దగ్గర తలలు లెక్కపెట్టేసరికి పన్నెండు దాటుతుంది. లెక్క సరిపోయింది.

జూలో భోజనాలు. ఇక్కడ మాత్రం మాచర్ల పరువు నిలిచింది. పులిహోర, చపాతీలు, మిరపకాయ బజ్జీలు, పెరుగన్నం, ఎవరి డబ్బా ఎవరిదో తెలియకుండా గడ్డి మీద కలిపేసుకు తింటారు. కులాల కట్టు తెంచి అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని బ్రహ్మనాయుణ్ణి ఇన్ని వందల ఏళ్లుగా పొగుడుతున్నాం. పిల్లలు ఏ పొగడ్తా లేకుండా ఆ పని చేసేస్తారు. సార్లు కాస్త ఎడంగా పార్సిలు బిర్యానీ విప్పుకుంటారు.

గోల్కొండలో గుమ్మం కింద చప్పట్లు కొడితే ఎక్కడో పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువు రాకను పైకి తెలియజేసే ఏర్పాటు అది. దాని గుట్టు తెలియాలంటే కొందరు కింద ఉండాలి, కొందరు మూడొందల చిల్లర మెట్లెక్కి పైన ఉండాలి. పైకెక్కే టైము లేదు కాబట్టి అందరూ కిందే నిలబడి చప్పట్లు కొడతారు. పైన వినేవాడు ఒక్కడూ ఉండడు. మన సభలకు అలవాటు పడ్డ వాళ్లం గనక ఎవరికీ తేడా తెలియదు. రామదాసు బందిఖానా వైపు వేలు చూపించి, బస్సెక్కమంటారు.

సాయంత్రం హుస్సేన్‌సాగర్. నీళ్ల మధ్య ఏకశిలా బుద్ధుడు, దాదాపు 58 అడుగులు. 1990 మార్చిలో పడవ మీద తెస్తుంటే మునిగిపోయి ప్రాణాలు బలిగొని, రెండేళ్లకు పైగా చెరువు అడుగున పడుకుని, 1992 డిసెంబరు 1న లేచి నిలబడ్డాడు. పిల్లలు గుడ్లప్పగించి చూస్తారు. చూడాల్సిందే. కాకపోతే బుద్ధుణ్ణి నీళ్లలో చూడటానికి మాచర్ల వాడు ఇంత దూరం రావాలా అని ఒక అనుమానం. బౌద్ధ ఆరామాలతో ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ మొత్తం మా సాగర్ అడుగున ఉంది. 1954 నుంచి 1960 దాకా ఆ లోయను తవ్వి, బయటపడ్డవాటిలో ముఖ్యమైనవి నాగార్జునకొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు దీవి. మాచర్ల మండలంలోని విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కి పోవాలి. అది మనోవికాసం కిందికి రాదు. దగ్గరున్నది చూపిస్తే ఫీజెంత పెట్టాలో యాజమాన్యానికి తోచదు. మా జిల్లాలోనే ఉన్న అమరావతి స్తూపం శిల్పాలు ఎటూ లండన్‌లో, చెన్నైలో ఉన్నాయి. అక్కడికి నోటీసు ఎప్పుడు వేస్తారో.

పిల్లలు నిజంగా చూసింది ఏమిటో చెప్పమంటారా? మాలులో కదిలే మెట్లు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి తీసి, పెట్టి తీసి, కళ్లు మూసుకుని ఎక్కి, పైకి చేరాక కేకలేసి, మళ్లీ దిగొచ్చి మళ్లీ ఎక్కడం. పెద్దవాళ్లు నవ్వుతారు. నవ్వెందుకు? కోటలు, గుళ్లు, చెరువులు మాకూ ఉన్నాయి. మనిషి నిలబడితే తనే పైకెక్కించే మెట్టు మాత్రం లేదు. లేనిది చూడటానికే కదా ఊరు దాటేది.

తర్వాత మెట్రో. తలుపులు మూసుకునేలోపు యాభై పైచిలుకు పిల్లల్ని ఎక్కించడం, లెక్కపెట్టడం. స్పీకర్లో "అమీర్‌పేట" అని వినపడగానే ఒకడు ఎగిరి గంతేస్తాడు. "మా అన్న ఈడే హాస్టల్లో ఉంటాడు సార్, కోర్సు చేస్తన్నాడు." ఇంకొకడు "మా అక్క కూడా" అంటాడు. నోటీసులో లేని ఆ స్టేషనొక్కటే పిల్లలందరికీ ముందునుంచీ తెలిసిన చోటు. డిగ్రీ కాగానే ఈ బస్సులో సగం మంది చేరేది అక్కడికే. అప్పుడు తలలు లెక్కపెట్టేవాళ్లెవరూ ఉండరు.

అర్ధరాత్రి దాటాక బస్సు మాచర్ల చేరుతుంది. సాగర్ దగ్గర మళ్లీ చీకటే, మళ్లీ నిద్రే.

ఆ తర్వాత తెలుగు పరీక్ష. "మీరు చేసిన విహారయాత్రను వివరిస్తూ మిత్రునికి లేఖ రాయండి." వెళ్లొచ్చినవాడు, డబ్బుల్లేక ఆగిపోయినవాడు, ఇద్దరూ ఒకే లేఖ రాస్తారు. గైడులో ఉన్నది. "చార్మినార్ శిల్పకళా వైభవాన్ని తిలకించి మైమరచితిని." ఎవడైనా అమాయకుడు "కదిలే మెట్లు బాగున్నాయిరా, గంట కొట్టేవాణ్ణి చూడనీయలేదు" అని రాస్తే రెండు మార్కులు కోత. అప్పు చేసి పంపిన తండ్రికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

హెడ్మాస్టర్లకూ కరస్పాండెంట్లకూ ఒక విన్నపం. ఎనిమిది చోట్లు వద్దు, మూడు చాలు. గోల్కొండలో సగం మందిని పైకి పంపండి. మ్యూజియంలో పదకొండున్నరకే పిల్లల్ని గడియారం ముందు కూర్చోబెట్టి, పన్నెండో దెబ్బ పడ్డాకే లేపండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూకి సోమవారం సెలవు. నోటీసు అచ్చు వేయించేముందు క్యాలెండరు చూసుకోండి.